తాతగారి నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు ఎలా పట్టుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ తాతగారి నాయనమ్మ 1860ల్లో పుట్టారు, చీరాల దగ్గరి ఒక పల్లెకి కోడలిగా వచ్చారు. బందరు ఉప్పెన నాటికి తను చంకబిడ్డనని చెప్పుకునేవారట. పుట్టింటి ఇంటిపేరు ఒకరు కొండవీటి అంటున్నారు, ఇంకొకరు కొండేటి అంటున్నారు. ఇంట్లో ఒక పాత స్టాంపు కాగితం ఉంది కానీ చదవలేకపోతున్నారు. జనాభా లెక్కల్లో ఆవిడ దొరుకుతారా, కొండవీటి వారైతే రెడ్డిరాజుల వంశమేనా, డి.ఎన్.ఎ. పరీక్ష చేయించమంటారా అని మూడు ప్రశ్నలు అడిగారు. ముప్పయ్యేళ్ళు దస్తావేజు లేఖరిగా బతికినవాణ్ణి, ఇప్పుడు జనానికి గొలుసుకట్టు కాగితాలు చదివిపెడుతున్నాను. నాకు తెలిసింది చెప్తాను.

జనాభా లెక్కలు వదిలేయండి. మద్రాసు రాజధానిలో మొదటి లెక్కలు 1871లో జరిగాయి. కానీ ఇంటింటికీ తిరిగి రాసుకున్న ఫారాలు దాచలేదు, అంకెలే మిగిలాయి. జనన మరణాల రిజిస్టర్లకు మద్రాసు చట్టం వచ్చింది 1899లో, అప్పటికి ఆవిడ ముగ్గురు పిల్లల తల్లి అయి ఉంటారు. 1930 దాటాక పోయారు అన్నారు కాబట్టి మరణం నమోదై ఉండొచ్చు. అయితే అందులో మామూలుగా భర్త పేరే రాస్తారు. దానివల్ల మీకు తేదీ తప్ప ఇంకేమీ రాదు.

డి.ఎన్.ఎ. సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. తల్లి నుంచి బిడ్డకు మారకుండా వచ్చే మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. ఆవిడ కూతుళ్ళకీ, ఆ కూతుళ్ళ కూతుళ్ళకీ వెళ్తుంది. మీరు ఆవిడ కొడుకు కొడుక్కి మనవలు. ఆ దారి మొదటి మెట్టులోనే తెగిపోయింది. మిగతా డి.ఎన్.ఎ.లో మీకు ఆవిడ వాటా సగటున పదహారో వంతు. దాంతో దూరపు చుట్టాలు ఎవరైనా తగిలితే తగలొచ్చు, ఇంటిపేరు మాత్రం రక్తంలో ఉండదు. డబ్బు దాచుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ కాలపు ఆడమనిషిని ఆవిడ పేరుతో వెతికితే దొరకరు. కాగితం మీద ఆవిడ ఎప్పుడూ ‘ఫలానా వారి భార్య’, లేకపోతే ‘ఫలానా వారి తల్లి’. మీరు చెప్పిన పేరు ఆ రోజుల్లో ఊరికి పదిమందికి ఉండేది. దానికి తోడు అత్తగారి పేరూ కోడలి పేరూ ఒకటే అయితే పెళ్ళిలో కోడలి పేరు మార్చేవాళ్ళు, అంటే మీకు తెలిసిన పేరే పుట్టింట్లో పెట్టిన పేరు కాకపోవచ్చు. అందుకని పేరు పక్కన పెట్టి మూడు చోట్ల చూడాలి. ఆవిడకి దక్కిన నేల, ఆవిడ అన్నదమ్ములు పెట్టిన సంతకాలు, ఆవిడ కొడుకులు పెట్టిన తద్దినం.

దానికంటే ముందు ఇంట్లో ఒక మాట కనుక్కోండి. ఆ పల్లె ఆవిడ భర్తదేనా? చాలామంది ఈ మాట అడగరు. మన వైపు ఇల్లరికం బాగా ఉండేది. రెడ్డి, కమ్మ కుటుంబాల్లో దాన్ని మద్రాసు కోర్టులు ఆచారంగా గుర్తించాయి కూడా. మగపిల్లలు లేని ఇంటికి అల్లుడు వచ్చి ఉండిపోయాడంటే మీరు అత్తారిల్లు అనుకుంటున్న ఊరే ఆవిడ పుట్టినూరు. భర్త తరఫు పాత తరాలు ఆ ఊళ్ళో ఉన్నట్టు ఒక్క ఆనవాలైనా చూపించమని పెద్దవాళ్ళని అడగండి. రెండో అనుమానం మేనరికం. ఆవిడ పెళ్ళాడింది మేనత్త కొడుకునైతే, అత్తగారి పుట్టిల్లూ ఆవిడ పుట్టిల్లూ ఒకటే అవుతుంది. అత్తగారి పుట్టింటి పేరు మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుందేమో చూడండి. కోడలి పేరు మరిచిపోయి అత్తగారి పుట్టింటి పేరు గుర్తుపెట్టుకున్న ఇళ్ళు నేను చూశాను. కొండవీటి, కొండేటి రెండూ నిజమే అయ్యుండటానికి అదొక దారి.

ఉప్పెన మాట చాలా విలువైంది. బందరు ఉప్పెన 1864 నవంబరు 1 రాత్రి వచ్చింది, సుమారు ముప్పయి వేలమంది పోయారు. తెలుగు సంవత్సరం రక్తాక్షి. చంకబిడ్డ అంటే 1863, 64ల్లో పుట్టినట్టు లెక్క. ఇలాంటి గుర్తులే మన పూర్వుల పుట్టినరోజు సర్టిఫికెట్లు. సీమ వాళ్ళు ధాత కరువు అంటారు, అది 1876-77. గుంటూరు వైపు నందన కరువు అంటారు, అది 1832-33. కాకపోతే అరవయ్యేళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కదా, రక్తాక్షి మళ్ళీ 1924లో వచ్చింది. సంవత్సరం పేరు ఒక్కటే చూసి తేదీ వేస్తే రెండు తరాలు అటూ ఇటూ అయిపోతుంది.

ఇప్పుడు మీరు పంపిన ఫొటో. మొదటి పేజీ సగమే వచ్చింది, అయినా చదవగలిగినంత చదివాను. విజయ నామ సంవత్సరం, పక్కన ఇంగ్లీషు తేదీ 1893. ఆవిడ అప్పటికి ముప్పయి దాటలేదు, భర్త పోయినట్టు రాసి ఉంది. శుద్ధ క్రయ దస్తావేజు, అంటే అమ్మకం. అందులో మూడో వరసలో ఒక ముక్క చూసి నేను కుర్చీలోంచి లేచాను. ‘నాకు పసుపు కుంకుమల కింద సంక్రమించి నా స్వాధీనానుభవములో యున్న’ అని ఉంది. పొలం ఉన్న ఊరు మీ పల్లె కాదు, ఎనిమిది మైళ్ళ అవతలి ఊరు.

పసుపు కుంకుమల కింద పొలం ఇచ్చేది పుట్టింటివాళ్ళు. భర్త ఆస్తి మీద వితంతువుకి బతికున్నంతకాలం అనుభవించే హక్కే ఉండేది. అది అమ్మాలంటే అప్పులు తీర్చడానికనో కూతురి పెళ్ళికనో కారణం దస్తావేజులో చూపించాల్సి వచ్చేది, లేకపోతే ఆవిడ పోయాక భర్త దాయాదులు దావా వేసేవాళ్ళు. మీ కాగితంలో అలాంటి కారణాలేవీ లేవు. తన సొత్తు తను అమ్ముకుంటున్నట్టే రాసింది. కాబట్టి అది స్త్రీధనం. ఆ ఎనిమిది మైళ్ళ అవతలి ఊరే ఆవిడ పుట్టినూరు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఖాయం అనను, తండ్రి పక్క ఊళ్ళో కొని ఇచ్చి ఉండొచ్చు కూడా.

తర్వాత చెక్కుబంది చూడండి. నాలుగు దిక్కుల్లో ఎవరి పొలాలున్నాయో రాసే భాగం అది. పుట్టింటివాళ్ళు కూతురికి ఇచ్చేది సాధారణంగా తమ కమతంలోంచే ఒక ముక్క కోసి ఇస్తారు. అందువల్ల ఆ ముక్కకి ఆనుకుని కనీసం ఒక వైపు అన్నదమ్ములో పెదనాన్న బిడ్డలో ఉంటారు. మీ కాగితంలో తూర్పున డొంక, పడమర కాలువ. దక్షిణం వైపు పేరు చెదలు తినేసింది. ఉత్తరం వైపు ‘కొం’ అని ఉంది, ఆపైన మడత, మడత దాటాక ‘టి వారి పొలము’ అని ఉంది. మడతలో పోయింది రెండక్షరాలా ఒక్కటేనా అనేది మీ ఫొటోలో తెలియడం లేదు. కొండవీటి అయినా కొండేటి అయినా అక్కడ సరిపోతుంది!

ఇక్కడ తొందరపడొద్దని ఎందుకంటున్నానంటే, నేనే ఒకసారి దెబ్బతిన్నాను. మా తాతమ్మ పుట్టిల్లు వెతుకుతూ ఒక తనఖా పత్రంలో ‘పేమూరి’ అని చదివాను. గొలుసుకట్టులో కలం ఎత్తకుండా రాసుకుపోతారు, తలకట్లు సగం పెట్టరు, ప అయినా వ అయినా ఒకే మెలిక. పేమూరు అనే ఊరి కోసం రెండు నెలలు తిరిగాను. చివరికి ఒక ముసలి కరణంగారు కాగితం చేతిలోకి తీసుకుని, ముక్కుపొడుం పీలుస్తూ, ‘వేమూరి కదయ్యా’ అన్నారు. వేమూరు మా ఊరికి బస్సులో గంట. అప్పట్నుంచి ఒక అక్షరం అనుమానంగా ఉంటే అదే చేతిరాతలో అదే అక్షరం ఇంకెక్కడ వచ్చిందో వెతికి, పక్కపక్కన పెట్టి చూస్తాను. మీ కాగితంలో కూడా ‘వీ’ వచ్చిన మాటలు రెండు మూడైనా ఉంటాయి, ‘డే’ కూడా ఉంటుంది. వాటితో పోల్చుకోవచ్చు.

దస్తావేజు వెనక వైపు ఇంకా ముఖ్యం. సాక్షుల వరసా, రిజిస్ట్రేషను ఎండార్సుమెంటూ అక్కడే ఉంటాయి. ఆవిడ నిశానీ పెట్టి ఉంటారు, ఆ నిశానీ ఆవిడదే అని గుర్తుపట్టిన మనిషి పేరు కూడా రాసి ఉంటుంది. ఒంటరి ఆడమనిషి పుట్టింటి పొలం అమ్ముతుంటే పక్కన నిలబడేది ఎవరు? పదిలో ఎనిమిదిసార్లు అన్నో తమ్ముడో. ఆ సాక్షి ఇంటిపేరు, చెక్కుబందిలో ఉత్తరం వైపు ఇంటిపేరు కలిశాయంటే సగం పైన తేలినట్టే. కొన్న మనిషి కూడా బంధువే కావచ్చు, ఆడపడుచుకిచ్చిన పొలాన్ని పరాయివాళ్ళ చేతికి పోనివ్వకుండా అన్నదమ్ములే కొనుక్కోవడం ఎక్కువగా జరిగేది.

అది రిజిస్టరు అయిన కాగితం అయితే దాని నకలు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో పుస్తకంలో ఉండాలి. మన దగ్గర ఈ ఆఫీసులు 1865 నుంచి ఉన్నాయి. ఒకటో పుస్తకానికి రెండు ఇండెక్సులుంటాయి, ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఊళ్ళూ పొలాలతో. మీరు రెండోదానికి దరఖాస్తు పెట్టండి, ఆ అవతలి ఊరి పేరుతో, 1885 నుంచి 1900 వరకు. ఆవిడ పేరుతో అడిగితే గుమస్తా విసుక్కుంటాడు, మీకూ ఏమీ రాదు. వంద రూపాయల లోపు విలువైన వాటికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు కాబట్టి చిన్న చిన్న లావాదేవీలు అసలు కనిపించవు, దానికి కంగారు పడొద్దు. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు మూడో పుస్తకంలో ఉంటాయి. ఆవిడ తండ్రి కూతురికి పొలం ఇచ్చినట్టు వీలునామా రాసి ఉంటే అందులోనే. రాసినవాళ్ళు పోయాక ఆ నకలు ఎవరైనా అడగొచ్చు.

ఏ జిల్లా అని అడిగితే తడబడతారు, ముందే చెప్తున్నాను. మీ పల్లె ఇప్పుడు బాపట్ల జిల్లా. 2022కి ముందు ప్రకాశం, 1970కి ముందు గుంటూరు. గుంటూరు జిల్లా 1859లో రద్దయి మళ్ళీ 1904లో ఏర్పడింది, ఆ మధ్యకాలంలో బాపట్ల తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది. 1893 నాటి కాగితం మీద ‘కృష్ణా డిస్ట్రిక్టు’ అని ఉంటే ఆశ్చర్యపోకండి. ఒంగోలు వైపు వాళ్ళయితే 1904కి ముందు నెల్లూరు జిల్లా కింద వెతుక్కోవాలి. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కలెక్టరు ఫైళ్ళు అడిగేటప్పుడు గుంటూరు అని రాస్తే ఖాళీ చేతులతో రావాల్సి వస్తుంది.

తాసీల్దారు ఆఫీసులో ఆ ఊరి ఆర్.ఎస్.ఆర్. అనే పాత భూముల రిజిస్టరు చూడండి, కొన్నిచోట్ల డైగ్లాట్ అంటారు. సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరు ఉంటుంది. ఫసలీ సంవత్సరాలు, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరాలు, చూసి భయపడకండి, 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, ఫసలీ 1303 అంటే 1893-94. ఆ భూమి ఇనాము, అంటే మాన్యం అయితే మీ పంట పండినట్టే. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి ప్రతి ఇనామూ విచారించింది. ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో మొదట ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వాళ్ళ వయసెంత, మొదటివాళ్ళకి వీళ్ళేమవుతారు అన్నీ రాశారు. వితంతువులు, కూతుళ్ళు కూడా సొంత పేర్లతో కనిపించే అరుదైన రికార్డు అది. తెలంగాణ వాళ్ళకి దీనికి సాటి విరాసత్, అంటే వారసత్వం ఫైళ్ళు, లోపల షజ్రా అనే వంశవృక్షం ఉంటుంది. కాకపోతే ఉర్దూ చదివేవాళ్ళని వెంటబెట్టుకుని తార్నాక ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి.

తద్దినం గురించి చెప్తానన్నాను. మీ ఇంట్లో మంత్రంతో పితృతర్పణాలు చేసే అలవాటు ఉంటే వినండి. కొడుకు తర్పణం వదిలేటప్పుడు తండ్రి వైపు మూడు తరాలతో పాటు మాతామహ వర్గం కూడా చెప్తాడు. అంటే తల్లి తండ్రి, ఆయన తండ్రి, ఆయన తాత, ఆ ముగ్గురి పేర్లూ గోత్రంతో సహా. ఆవిడ గోత్రం పెళ్ళితో మారిపోయింది కానీ ఆవిడ తండ్రి గోత్రం కొడుకు నోట్లో బతికే ఉంటుంది. ఇక్కడ ఒక తిరకాసుంది. ఆ జాబితా ఆవిడ కొడుకుల పుస్తకంలోనే ఉంటుంది. మీ తాతగారి పుస్తకం తీస్తే అందులో ఉండే మాతామహులు ఆయన తల్లి వైపు వాళ్ళు. ఆవిడ ఆయనకి పితామహి కిందికి వస్తుంది, అక్కడ భర్త గోత్రమే ఉంటుంది. అందుకని మీ ముత్తాతగారి, ఆయన అన్నదమ్ముల ఇళ్ళలో పాత పంచాంగాలు, జాతకాల చుట్టలు, చేతిరాత పుస్తకాలు ఉంటే తీయించండి. మా ఇంట్లో అలాంటిది గంధం చెక్కల పెట్టెలో, 1911 పంచాంగం అట్ట లోపలివైపు దొరికింది. వాళ్ళలో ఎవరైనా కాశీకో గయకో వెళ్ళి ఉంటే అక్కడి పండాల, అంటే తీర్థ పురోహితుల దగ్గర యాత్రికుల వంశాల పేర్లు రాసుకున్న పుస్తకాలుంటాయి. మీ వైపు వాళ్ళని చూసే పండా ఎవరో తెలుసుకోవడమే కష్టం, తెలిస్తే పని పది నిమిషాలు. లగ్నపత్రికలు కూడా చూడండి, పెళ్ళికూతురు ఎవరి మునిమనవరాలు, ఎవరి మనవరాలు, ఎవరి కూతురు అని వరసగా చెప్పడం మన పద్ధతి.

ఇంటిపేరు పుట్టుక గురించి మీరు ఆశపడుతున్నారు కాబట్టి కొంచెం నిరాశపరచక తప్పదు. ఊరిపేరు ఇంటిపేరు అయ్యేది ఆ ఊరు వదిలాకే. కొండవీడులో ఉన్నవాణ్ణి కొండవీటివాడని ఎవరూ పిలవరు, అక్కడ అందరూ కొండవీటివాళ్ళే. వేరే ఊరికి వలస వచ్చినప్పుడు అక్కడి జనం తగిలించే గుర్తు అది. అందుకే ఈ పేరు కులాలతో నిమిత్తం లేకుండా చాలామందికి ఉంటుంది. రెడ్డిరాజులు అద్దంకి నుంచి కొండవీడుకి రాజధాని మార్చింది 14వ శతాబ్దంలో. ఆ తర్వాత గజపతులొచ్చారు, 1515లో కృష్ణదేవరాయలు పట్టుకున్నాడు, ఆ వెనక గోలకొండ వాళ్ళు. ఇన్ని చేతులు మారిన కోట నుంచి వర్తకుడూ వెళ్ళి ఉంటాడు, మంగలీ వెళ్ళి ఉంటాడు, పురోహితుడూ వెళ్ళి ఉంటాడు. ఇంటిపేరు ఒక్కటే చూసి రాజవంశం అనలేం.

మాట మారిన తీరు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. కొండవీడు కొండవీటి అయినట్టే పూసపాడు పూసపాటి అయింది, కందుకూరు కందుకూరి అయింది. మన ‘ఇల్లు, ఇంటి’, ‘ఊరు, ఊరి’ లాంటిదే. ఆ లెక్కన కొండేటిలో ఉన్న ‘ఏటి’ ఏరు నుంచి వచ్చిందనుకోవచ్చు, అంటే కొండ ఏటి ఒడ్డున ఉన్నవాళ్ళు. అయితే కొండవీటినే గబగబా పలికి కొండేటి చేసినవాళ్ళూ ఉండొచ్చు కదా? ఈ ముడి వ్యాకరణంతో విడదు, ఆ ఊళ్ళో 1893లో పొలం ఎవరిదో రిజిస్టరులో చూస్తేనే విడుతుంది. ఊరిపేర్లు కాని ఇంటిపేర్లు కూడా అంతే పాతవి. 13వ శతాబ్దపు తిక్కనగారి ఇంటిపేరు కొట్టరువు, అంటే ధాన్యం కొట్టు. ఒకే ఇంటిపేరు ఉంటే ఒకే కుటుంబం అనుకోవద్దు, గోత్రం కూడా కలవాలి, రెండూ కలిసినా ఊరి ఆనవాలు కావాలి.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఆ కాగితం మళ్ళీ ఫొటో తీయడం. మడత విప్పేటప్పుడు జాగ్రత్త, ఇస్త్రీ పెట్టొద్దు, టేపు అంటించొద్దు. పొడి గుడ్డ మీద పరిచి, రెండు రోజులు అద్దం కింద ఉంచితే అదే సాగుతుంది. ఫొటో పొద్దున ఎండలో కిటికీ పక్కన, వెలుతురు ఒక వైపు నుంచి ఏటవాలుగా పడేలా తీయండి, సిరా వెలిసినా కలం గీసిన గాడి కనిపిస్తుంది. ఉత్తరం హద్దు ఉన్న వరస దగ్గరగా ఒకటి, ‘వీ’ వచ్చిన మాటలవి రెండు, వెనక వైపు సాక్షుల వరస మొత్తం ఒకటి తీసి పంపండి. చెదలు తిన్న దక్షిణం వైపు కూడా తీయండి, అంచున ఒక అక్షరం మీది గుడి (ఇ-కారం) గుర్తు మిగిలినట్టు అనిపించింది నాకు.